ఉప్పలు నాచారము సీమయందలి ప్రాచీన శ్మశానవాటిక

హైదరాబాదు నగరమునకుఁ దూర్పుదిక్కున, మూసీనదికి ఉత్తరపుటొడ్డున ఉప్పలును, దానికి ఉత్తరముగా నాచారమును, అంతకును ఉత్తరమున మల్లాపురము, మౌలాలి యను నూళ్ళును ఒకదాని నొకటి యంటియున్నవి. ఊళ్ళనుట యిప్పుడు పాతయలవాటుచేతనే. ఉప్పలు 2007వ సంవత్సరమున మహానగరములోఁ జేరినది. 2017లో నచటికి మెట్రోరైలు వచ్చినది. నాచారము యంత్రశాలలపేట యైనది. ఈ సీమచరిత్రము చెప్పువారు సామాన్యముగాఁ గుతుబుషాహీ ప్రభువులతో నారంభించి నిజాములతో ముగింతురు. అంతకు రెండువేల యేండ్లకు మునుపే యిచటఁ గాపురముండి, చచ్చినవారిని బండలనడుమఁ బదిలముగాఁ బరుండఁబెట్టిన జనులు కలరు. వారి యూరు కానరాదు. వారి పేరు తెలియదు. వారి శ్మశానము మాత్రము మౌలాలి గుట్టల పరిసరములఁ గొంత మిగిలినది. ఆ శ్మశానమును, దానిని గట్టినవారిని గూర్చి విచారించుటకే యీ వ్యాసము.

ముందుగా నూళ్ళ పేళ్ళు. వైయాకరణునకుఁ బేరు వినఁబడఁగానే వ్యుత్పత్తి చెప్పక యూరకుండుట కష్టము. ఆ దోషము నాయందును గలదు. 'ఉప్పల' శబ్దమును సంస్కృతమందలి 'ఉత్పల'మునుండి తేవచ్చును. తకారము తన తరువాతి పకారముతో నేకమై ద్విత్వ మగుట ప్రాకృతమున సామాన్యము. 'ఉపల' మనఁగా రాయి. బండలసీమ కది యర్థముచేత నొప్పును గాని, అందుఁ బకారద్విత్వమునకు వేఱొక హేతువు చూపవలసివచ్చును. ఉప్పునుండి తెచ్చినను, చవుటినేల లున్నచోట నది త్రోసివేయరానిదే. నాచారమునందు 'నాచియారు', 'నాంచారు' అను వైష్ణవదేవీవాచకమును, దానిపై 'వరము' గాని 'అగ్రహారము' గాని యరిగి 'ఆరము'గా మిగులుటను నూహింపవచ్చును. తెలంగాణమున 'ఆరము' తుదిగాఁగల యూళ్ళకుఁ గొదవ లేదు. ఈ యూహలలో నేది నిలిచినను ఒక్కమాట స్పష్టము. నాచియారును అగ్రహారమును మధ్యయుగమునాఁటి మాటలు. ఉప్పల శబ్దము ప్రాకృతమే యైనను, అది ప్రాకృత మెఱిఁగిన రాజ్యము లీసీమకు వచ్చిన పిదపటిదే. కావున నూరిపేరు పట్టుకొని తొలికాపురస్థుల యింటి గడపవఱకుఁ బోఁజాలము.

శాసనములు మఱికొంతదూరము తీసికొనిపోవును. ఉప్పలునుండి మూసీ దాఁటి నైరృతిదిక్కునకుఁ బోయినచోఁ జైతన్యపురి యనఁబడు పేటలో, కోసగుండ్ల నరసింహస్వామి వెలసిన గుట్టమీఁద నొక ప్రాకృతశాసనము గలదు. అది విష్ణుకుండిరాజగు గోవిందవర్మ కాలమునాఁటిదనియు, క్రీస్తుశకము అయిదవశతాబ్దికిఁ జెందునదనియుఁ బండితుల నిర్ణయము. గోవిందరాజవిహార మను బౌద్ధవిహారమును బేర్కొనుచున్నది. నగరసీమయందు దొరకిన శాసనములలో నింతకంటెఁ బ్రాచీనమైనది వేఱొకటి కానరాదు. ఈశాన్యమునఁ గీసరగుట్టమీఁద, ఇంచుమించుగా నా కాలముననే, యొక బండపైఁ జెక్కిన తెలుఁగుమాట గలదు. 'తొలచువాండ్రు' అని దాని పాఠము. రాతిని దొలుచుపనివారు తమ వృత్తినామమును దాము పనిచేసిన రాతిమీఁదనే విడిచిరి. తెలుఁగుభాష శిలపై నెక్కిన తొలినాళ్ళ మాటలలో నొకటి రాజబిరుదము గాక రాతిపనివారి పేరగుట నాకెప్పుడును దలఁచుకొన్నప్పుడెల్ల సంతోషమును గల్గించును. అయినను శాసనముల త్రోవయు నిచట ముగిసినది. అయిదవశతాబ్దికి వెనుక నున్నవారు వ్రాసి పెట్టలేదు; రాళ్ళు పేర్చిపెట్టిరి.

ఆ పేర్పు ఎట్టిదనఁగా: నేలపై గుండ్రముగాఁ బెద్దగుండ్లను వలయముగా నమర్తురు. వలయమధ్యమున చిన్నరాళ్ళును మన్నును గుప్పగాఁ బోసియుండును. ఆ కుప్పక్రింద గొయ్యి. గొయ్యిలో నాలుగుప్రక్కల నాలుగు పలకబండలు నిలిపి, అడుగున నొకటి పఱచి, మీఁద నొక పెద్దబండ మూయుదురు. కొన్నింట నొక ప్రక్కపలకకు గుండ్రనిరంధ్రము తొలచియుందురు. లోపల నెముకలు, కుండలు, ఇనుపపనిముట్లు, పూసలు నుండును. ఇట్టివానిని బురాతత్త్వజ్ఞులు బృహచ్ఛిలాసమాధు లందురు. మౌలాలి పరిసరములందును, నగరమున కుత్తరమున హష్మత్‌పేటయందును ఇవి గలవు. నిజాముప్రభుత్వము 1914లోఁ బురావస్తుశాఖను నెలకొల్పి గులాం యజ్దానీగారిని దాని కధికారిగా నియమించెను. ఇరువదవశతాబ్ది పూర్వార్ధమున నీసీమయందలి సమాధులు కొన్ని త్రవ్వఁబడినవి. కుండలలో నెక్కువభాగము లోపలయు మూఁతియు నల్లగాను, వెలుపలి క్రిందిభాగ మెఱ్ఱగాను ఉండును. కుండను బోర్లించి కాల్చినప్పుడు గాలి తగులనిచోట నలుపును, తగిలినచోట నెఱుపును వచ్చును; రంగు పూసినది గాదు. వీని కాలమును దక్షిణాపథమున స్థూలముగాఁ గ్రీస్తునకుఁ బూర్వము 1200 మొదలు 300 వఱకు నని చెప్పుదురు. కొన్నిచోట్ల నాచార మింకను గొంతకాలము సాగినది.

తెలంగాణపుఁ బల్లెలలో వీనికి 'రాక్షసగుళ్ళు' అని పేరు. ఇంతబండ నెత్తుట మనుష్యునకు సాధ్యము గాదను విస్మయ మీ పేరునకు మూలము. ఇది మన యొక్కరి మాటయే కాదు. కన్నడసీమయందు హిరేబెణకల్లు కొండపై నున్న శిలాగృహములను 'మోరియర మనె' యందురు. మోరియ లనువారు మరుగుజ్జు జాతివారని యచటివారి నమ్మకము. దక్షిణమున వీనినే పాండవులకుఁ గట్టి, పాండవుల గుంత లనువారును గలరు. ఒకచోట రాక్షసులు, ఒకచోట మరుగుజ్జులు, ఒకచోట దేవాంశసంభూతులు. మనవంటి మనుష్యులు మాత్ర మెచటను లేరు.

శ్మశానశబ్దమునుగూర్చి యిచట నొకమాట చెప్పవలెను. నేను పాఠశాలలో ముప్పదియేండ్లు శ్మశాన మనఁగా శవములను గాల్చుచోటని విద్యార్థులకుఁ జెప్పుచు వచ్చితిని. నిఘంటుపాఠ మొకవిధముగా నాకడ్డుపడలేదు. కాని యాస్కుఁడు నిరుక్తమున నీ శబ్దమును 'శ్మశయన' మని విడఁదీసి, 'శ్మ' యనఁగా శరీరమని చెప్పెను. శరీరము పరుండుచోటే గాని కాలుచోటు గాదు. వ్యుత్పత్తి నెఱిఁగియు దాని యర్థమును నేను గ్రహింపలేదు. మౌలాలి గుట్టక్రింద వలయశిలలను జూచిన పిదపఁ గాని యీపొరపాటు నాకుఁ దెలియలేదు. తెలుఁగున 'కాడు' శబ్దము కాల్చుటను గాని పాఁతుటను గాని ప్రత్యేకించి చెప్పదు. 'వల్లకాడు', 'కాటికాపరి' యనునవి దానినుండి వచ్చినవే. తమిళులు కాల్చుకాటిని 'సుడుకాడు' అనియు, పాఁతుకాటిని 'ఇడుకాడు' అనియు వేఱుగాఁ బిలుతురు. తెలంగాణమునఁ బాఁతిపెట్టు గొయ్యి 'బొంద', ఆ నేల 'బొందలగడ్డ'. ఈ మాటను మనము గ్రామ్యమని కావ్యములోనికి రానీయలేదు గాని, యాస్కుఁడు చెప్పిన యర్థమునకు మన 'శ్మశాన' శబ్దప్రయోగముకంటె నదియే దగ్గఱగా నున్నది. నేఁడు ప్రభుత్వమువారు గ్రామములందుఁ గట్టించిన క్రొత్త శ్మశానములకు 'వైకుంఠధామ' మని పేరు పెట్టిరి. బొందలగడ్డ యను మాట వృద్ధుల నోటనే మిగులునేమో.

వేదవాఙ్మయమున నింతకంటె ముఖ్యమైన సాక్ష్యము గలదు. శతపథబ్రాహ్మణము పదుమూఁడవకాండమున శ్మశాననిర్మాణవిధి విస్తరముగా నున్నది. చచ్చినవెంటనే కాక, సంవత్సరములు మఱపునఁ బడునంత కాలము గడచిన పిదప శ్మశానము కట్టవలెనఁట. అస్థులను దెచ్చి నిక్షేపించి, మట్టి పోసి దిబ్బగాఁ జేసి, లెక్కపెట్టని రాళ్ళతోఁ జుట్టును బరివేష్టింపవలెనఁట. ఆశ్వలాయనగృహ్యసూత్రమున నస్థులను గుంభమునందుఁ జేర్చి గొయ్యిలో నుంచు విధి గలదు. ఇప్పుడు మౌలాలి సమాధులను దలఁచుకొనుఁడు: చుట్టును రాళ్ళు, నడుమ దిబ్బ, లోపలఁ గుండలు. దక్షిణాపథపు సమాధులలోఁ బెక్కింట శవము యథాతథముగాఁ గాక, మాంసము శిథిలమైన పిదప నేఱిన యెముకలే కానవచ్చును. ఒక్కొక్కదానిలో నలుగు రైదుగురి యెముకలు గలిసియుండును. ఆ బ్రాహ్మణమే మఱియొకమాట చెప్పుచున్నది. దైవప్రకృతి గలవారు శ్మశానమును జతురస్రముగాఁ గట్టుదురనియు, ఆసురప్రకృతి గల ప్రాచ్యులు మొదలగువారు గుండ్రముగాఁ గట్టుదురనియు. దైవప్రకృతివారు భూమి కెడములేకయు, ఆసురు లేదో యొక పాత్రవంటిదాని నడ్డముంచి భూమి కెడముగాను నిక్షేపింతురనియు. గుండ్రనివలయము, రాతిపెట్టె: రెండును మన సమాధుల లక్షణములే.

ఇందుచే మౌలాలి సమాధులు శతపథ మెఱిఁగిన ప్రాచ్యులవని నే ననను. ఆ ప్రాచ్యులు గంగాతీరపుఁ దూర్పుసీమవారు. వారికిని మూసీతీరమువారికిని సంబంధమును జూపు ప్రమాణము లేదు. నేఁ జెప్పునది వేఱు. చతురస్రముగాఁ గట్టినవాఁడు గుండ్రముగాఁ గట్టినవాని నసురుఁ డనెను. శతాబ్దుల పిదప గుండ్రనిసమాధిని జూచిన మన పల్లెవాఁడు దానిని రాక్షసునిది యనెను. ఆచార మెఱుఁగమిచే నొకఁడును, ఆచారభేదముచే నొకఁడును నదే మాటకు వచ్చిరి. అసురశబ్ద మిందు జాతివాచకము గాదు. పొరుగువాని శ్మశానమున కిడిన నిందార్థకవిశేషణము. రాక్షసగుళ్ళ పేరు చూచి యిచట వేదబాహ్యులగు క్రూరజనులు నివసించిరని వ్రాయువారికి శతపథమే సమాధానము చెప్పుచున్నది: రాళ్ళు చుట్టి యస్థులను బాఁతుట యుభయుల యాచారమే, భేదము కోణముల లెక్కలో.

పాశ్చాత్యపండితులును మొదట నిట్టి పొరపాటే చేసిరి. నిజాముసీమకు నైరృతిమూలనున్న సురపురసంస్థానమును 1841 మొదలు 1853 వఱకుఁ బాలించిన మెడోస్ టెయిలరుదొర యచటి సమాధులను ద్రవ్వించి, కొలిచి, చిత్రించి గొప్ప మేలు చేసెను. కాని తమ దేశమునఁ దాఁ జూచిన శిలావలయములను బోలియున్నవని, వీనిని గెల్టులకో శకులకో కట్టఁజూచెను. పోలిక సత్యము, బంధుత్వ మసత్యము. బండలు దొరకుచోట మనుష్యుఁడు చచ్చినవానికి బండయే కప్పును. రైల్వేశాఖలో వైద్యుఁడుగా నుండిన హంటుదొర భువనగిరికడ రాయిగిరి సమాధులను ద్రవ్వి, 1924లో లండనునందలి మానవశాస్త్రపరిషత్తు పత్రికలో వ్రాసెను. యజ్దానీగారు కుండలపై గీచిన గుర్తులను జేర్చి 1917లోఁ బ్రకటించిరి. త్రిశూలమువంటివి, నిచ్చెనవంటివి, బాణమువంటివి యగు నాగుర్తులు లిపియా, కుమ్మరి గుఱుతులా, కులచిహ్నములా యను వివాద మిప్పటికిని దీఱలేదు. నామట్టునకు వానిని లిపి యనుటకు సాహసము చాలదు. వర్ణములు వరుసగాఁ గూడి పద మగుట యందుఁ గానరాదు.

వారి బ్రదుకునుగూర్చి సమాధులే కొంత చెప్పును. లోపలి వస్తువులలో బల్లెపుమొనలు, బాణపుమొనలు, కత్తులు గలవు. గొడ్డళ్ళు, కొడవళ్ళు, ఉలులును గలవు. మొదటివానిని మాత్రము చూచినవారు వీరిని యుద్ధజీవు లనిరి. లెష్నికను పండితుఁడు 1974లో వెలువరించిన గ్రంథమున వీరు పశువుల వెంటఁ దిరుగు సంచారు లని వాదించెను. సమాధు లెన్నియో యున్నను ఊళ్ళు దొరకకపోవుట యాతని ముఖ్యహేతువు. అది బలమైన హేతువు గాదు. మన్నును గడ్డియుఁ బెట్టి కట్టిన యిల్లు మూఁడువేల యేండ్లు నిలువదు. దానిపైనే పిదపటివా రిండ్లు కట్టుదురు, మడి దున్నుదురు. కొడవలి పశులకాపరికంటెఁ గోఁతకానికే యక్కఱ. దక్షిణాపథమున నీకాలపు నివాసస్థలములు దొరకినచోట ధాన్యపుగింజలును దొరకినవి.

స్థలమును జూచినను నదే తోఁచును. సమాధులు సామాన్యముగా సాగుకు రాని రాతినేలపై, గుట్టల యడుగున నుండును. వాని క్రిందుగా నీరు నిలుచు పల్లము. ఉప్పలునందు నల్లచెఱువు, నాచారమునందుఁ జెఱువు, రామంతాపురమునందుఁ జెఱువు, ఉత్తరమునఁ గాప్రాచెఱువు గలవు. ఈ కట్టలు పిదపటి రాజులకాలపువే గావచ్చును. పల్లములు మాత్ర మానాఁడు నున్నవే. సాగునేలను జీవించువారి కుంచి, రాతినేలను జచ్చినవారి కిచ్చిన యీ విభాగము సంచారులది గాదు, భూమి విలువ నెఱిఁగినవారిది. పైఁగప్పు బండ యొక్కటియే పెక్కుమంది పట్టిననే గాని కదలదు. ఒక కుటుంబమువారు చేయఁగల పని గాదు. ఎల్లవారికిని నిట్టి సమాధి కట్టియుండరు. బండలు మోసినవారిలో నెందఱికి బండ దక్కెనో యూహింపవలసినదే.

ఒకమాఱు మల్లాపురము దాఁటి యుత్తరముగాఁ బోవు త్రోవలో నొక గుట్ట యడుగున సగము పూడిన పలకను జూచుచు నిలిచియుండఁగా, రాతిపని చేయు వడ్డెర వృద్ధుఁ డొకఁడు వచ్చి చేత నద్దాని యంచును దడవి, "పంతులూ, ఇది పగిలిన రాయి గాదు, పగులగొట్టిన రాయి" అనెను. ఎట్లు తెలిసె నని యడిగితిని. రాతికి నార యుండుననియు, దానంతట నది పగిలినచో నార వెంటఁ బోవుననియు, ఈ పలక యంచు నార కడ్డముగాఁ బోయినదనియుఁ జూపెను. రాక్షసులు కట్టిరందురు గదా యనఁగా, "రాక్షసుఁడైతే ఇంత లెక్కగా ఎందుకు గొట్టును? వాఁడు గుండునే ఎత్తి పెట్టును" అని నవ్వెను. మూలబలము లేనివాఁడు గనుకనే మనుష్యుఁడు రాతి నార చూచుకొని పలకగాఁ జీల్చెను. కీసరగుట్ట బండపైఁ దమ పేరు చెక్కిన తొలచువాండ్రకు వీరు పూర్వులు గారని యెవరు చెప్పఁగలరు? రక్తబంధమును నేఁ జెప్పను. చేతిపనికి మాత్ర మీసీమలోఁ దెగని వరుస గలదు.

వీరు తెలుఁగు మాటలాడిరా యని విద్యార్థులు తప్పక యడుగుదురు. కుండకు భాష లేదు. 'ఇనుము' తమిళపు 'ఇరుంబు'నకు సజాతీయమని భాషావేత్తలు గణింతురు. 'కాడు' సంగతియు నంతియే. ఇవి దక్షిణభాషలు విడిపోకముందే యుండిన మాటలయినచో, ఇనుము నెఱిఁగిన యీజనుల నోట నట్టిమాట యొకటి యుండుట సంభావ్యము. అంతకుమించి చెప్పుట చరిత్రము గాదు.

పిదపటివారును ఈ గుట్టనే శ్మశానమునకుఁ గోరుకొనిరి. 1578లో నిబ్రహీముకుతుబుషా కొలువులోని యాకూతునకు స్వప్నమున నీకొండపై హజరతు అలీ దర్శన మయ్యెననియు, మేల్కని చూడఁగా బండపైఁ జేతిముద్ర కనఁబడెననియు నైతిహ్యము. కొండ కాపేరే వచ్చినది. కవయిత్రియగు మహలఖాబాయి చందా 1792లోఁ దన తల్లియగు రాజ్‌కుఁవర్ బాయికి గుట్టయడుగున సమాధి కట్టించెను. 1824లోఁ దానును దల్లిప్రక్కనే ఖననము పొందెను. ఇరువదియొకటవశతాబ్ది మొదటిపాదమున నాకట్టడము జీర్ణోద్ధరణము పొందినది. అది తగిన పనియే. కాని దాని పొరుగున నుండిన రెండువేల యేండ్ల ముందటి సమాధుల కట్టి భాగ్యము పట్టలేదు. పేరులేనివాని గోరికిఁ గావలి యెవఁడు?

రైలుమార్గము 1886 నాఁటికి సికింద్రాబాదునుండి వరంగల్లు దిక్కునకు మౌలాలి, ఘటకేసరము, భువనగిరి, రాయిగిరుల మీఁదుగా సాగెను. ఆ మార్గమే హంటుదొరను సమాధులకడకుఁ జేర్చినది. ఆ మార్గమే కంకరకుఁ గూడ గిరాకి తెచ్చినది. తరువాత గుట్టలు కంకరక్వారీ లైనవి, గుట్టలక్రింది నేల యిండ్ల స్థలము లైనది. వలయపుగుండ్లు ముందుగాఁ బోవును, ఏలయనఁగా నవి చేతికందునవి, పునాదికిఁ బనికివచ్చునవి. గుండ్లు పోయిన పిదప దిబ్బ కేవలము మట్టిదిబ్బ. దాని క్రింద నేమున్నదో పొక్లెయిను నడుపువాని కెట్లు తెలియును?

పాఠశాలాపండితులకు నా ప్రార్థన యొకటి గలదు. మీ యూరి పొలిమేరలో రాక్షసగుండ్లనియో పాండవుల గుళ్ళనియో పిలువఁబడు తావున్నయెడల, విద్యార్థులతోఁ బోయి వలయమునందలి గుండ్లను లెక్కింపుఁడు. అడ్డుకొలత కొలువుఁడు. రంధ్రము గల పలక యున్నచో నది యే దిక్కునకుఁ దిరిగియున్నదో వ్రాసికొనుఁడు. అచటి వృద్ధులు దానిని బిలుచు మాటను, మనకు గ్రామ్యముగాఁ దోఁచినను దిద్దక, వారి నోట వచ్చినట్లే వ్రాయుఁడు. ఛాయాచిత్రము తీయునప్పుడు ప్రక్క నొక గజపుఁగఱ్ఱను నిలుపుఁడు. త్రవ్వవలదు. వానకో నాఁగటికో యెముక బయటపడినచో మన్ను గప్పి, పురావస్తుశాఖవారికిఁ దెలుపుఁడు.